జాంటీ పార్కిన్: వంద పౌండ్లు కట్టి తనని తానే కొనుక్కున్న కెప్టెన్ (తరచుగా అడిగే ప్రశ్నలు)

అసలు ఎవరీ జాంటీ పార్కిన్?

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వైపు రగ్బీ లీగ్ ఆడిన స్క్రమ్ హాఫ్. అసలు పేరు జొనాథన్, అందరికీ జాంటీ. 1894 నవంబర్ 5న షార్ల్‌స్టన్ అనే ఊళ్ళో పుట్టాడు, 1972లో పోయాడు. 1913 నుంచి 1930 దాకా వేక్‌ఫీల్డ్ ట్రినిటీకి ఆడాడు, ఆ తర్వాత హల్ కింగ్‌స్టన్ రోవర్స్‌కి వెళ్ళాడు, మధ్యలో గ్రేట్ బ్రిటన్ టీమ్‌తో మూడు సార్లు ఆస్ట్రేలియా టూర్‌కి వెళ్ళి అందులో రెండింటికి కెప్టెన్‌గా ఉన్నాడు, ఆ రెండు సార్లూ ఆస్ట్రేలియా మీద సిరీస్ గెలిచే వచ్చాడు. ఇంగ్లండ్‌లో పుట్టి రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఈ ఆట ఆడినవాళ్ళలో ఒక్కడి పేరు చెప్పమంటే నేను ఇతని పేరే చెప్తాను. రికార్డుల పట్టికలో ఇతని కంటే పైన ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, అయినా ఎందుకు చెప్తున్నానో కింద చదివితే మీకే తెలుస్తుంది.

రగ్బీ లీగ్ అంటే మామూలు రగ్బీయేనా?

కాదు. మనం టీవీలో ఎక్కువగా చూసే సిక్స్ నేషన్స్ లాంటివి రగ్బీ యూనియన్, టీమ్‌కి 15 మంది. రగ్బీ లీగ్‌లో 13 మంది. రెండూ ఒకే ఆటగా ఉండేవి, విడిపోయింది 1895 ఆగస్టులో, హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో జరిగిన మీటింగ్‌లో.

గొడవ డబ్బు గురించే, కానీ పెద్ద డబ్బేం కాదు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆడేవాళ్ళు ఎక్కువమంది బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, శనివారం మ్యాచ్ ఉందంటే ఆ పూట పని మానుకోవాలి, పని మానితే కూలీ పోతుంది. పోయిన ఆ కూలీని క్లబ్ ఇస్తే తప్పేంటని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి, లండన్‌లో కూర్చున్న పెద్దమనుషులు కుదరదన్నారు, డబ్బు తీసుకుంటే ఆట పాడైపోతుందన్నారు. ఆస్తులున్నవాడికి ఆ మాట చెప్పడం తేలికే, ఒక పూట కూలీ పోతే ఇంట్లో పొయ్యి వెలగనివాడి సంగతేంటి? దాంతో ఆ క్లబ్బులు బయటికొచ్చి నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నాయి. వాటిలో వేక్‌ఫీల్డ్ ట్రినిటీ కూడా ఉంది. 1906లో ప్లేయర్లని 13కి తగ్గించారు, 1922లో సంస్థ పేరు రగ్బీ ఫుట్‌బాల్ లీగ్‌గా మారింది. లీగ్ ఆడినవాడు మళ్ళీ రగ్బీ యూనియన్ గడప తొక్కకూడదు అన్న నిషేధం 1995 దాకా నడిచింది, అంటే సరిగ్గా నూరేళ్ళు. ఈ కక్ష ఎంత లోతైనదో తెలియకపోతే పార్కిన్ లాంటివాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో అర్థం కాదు.

అప్పటి ఆట ఇప్పటి లాగే ఉండేదా?

చూస్తే గుర్తుపడతారు కానీ చాలా తేడాలున్నాయి. ఇప్పుడు ఒక టీమ్‌కి ఆరు టాకిల్స్ (బాల్ ఉన్నవాడిని పట్టి ఆపడం) దాకానే బాల్ ఉంటుంది, తర్వాత అవతలి వాళ్ళకి ఇచ్చేయాలి. అప్పుడు ఆ లిమిట్ లేదు, బాల్ చేతిలో ఉంచుకోగలిగినంతసేపు ఉంచుకోవచ్చు (లిమిట్ వచ్చింది 1966లో). ట్రైకి (అవతలి వాళ్ళ గీత దాటి బాల్‌ని నేలకి తాకించడం) ఇప్పుడు 4 పాయింట్లు, అప్పుడు 3. గోల్‌కి (బాల్‌ని పోస్టుల మధ్య నుంచి తన్నడం, ట్రై వేశాక కూడా ఆ ఛాన్స్ వస్తుంది) 2. సబ్‌స్టిట్యూట్లు లేరు, 1964 దాకా రాలేదు, కాబట్టి ఎవరికైనా చెయ్యి విరిగితే మిగతా 12 మందితోనే ఆట సాగించాలి, లేదా ఆ విరిగిన చెయ్యితోనే ఆడాలి. చాలామంది ఆడేవాళ్ళు. బాల్ తోలుది, వానలో తడిస్తే బరువెక్కిపోయేది, ఉత్తర ఇంగ్లండ్ చలికాలంలో తడవని రోజు తక్కువ.

ఒంటి బలంతో ఎదుటివాడిని పట్టి పడేయడం చూస్తే మనవాళ్ళకి కబడ్డీ గుర్తొస్తుంది, కాకపోతే ఇక్కడ 80 నిమిషాలు పరుగే పరుగు.

స్క్రమ్ హాఫ్ అంటే ఏం చేస్తాడు? అది అంత ముఖ్యమా?

ఆ రోజుల్లో చాలా ముఖ్యం. ఆట ఆగినప్పుడల్లా రెండు టీమ్‌ల ఫార్వర్డ్‌లు (ముందు ఉండే బలమైన ప్లేయర్లు) భుజం భుజం కలిపి వంగి ఒకరినొకరు నెట్టుకుంటూ స్క్రమ్ కట్టేవాళ్ళు, మధ్యలోకి బాల్ వేసేది స్క్రమ్ హాఫ్, మధ్యలో ఉన్న హుకర్ కాలితో దాన్ని వెనక్కి లాగాలి, వెనక నుంచి బయటికి రాగానే మళ్ళీ స్క్రమ్ హాఫే అందుకోవాలి. ఇప్పుడు స్క్రమ్ అనేది పేరుకే, అప్పుడు నిజంగా పోటీ ఉండేది, ఒక మ్యాచ్‌లో అవి లెక్కలేనన్ని జరిగేవి.

బాల్ చేతికొచ్చిన ఆ అర సెకండ్‌లో నిర్ణయం ఇతనిదే. బయట ఉన్న స్టాండాఫ్ అనే ప్లేయర్‌కి పాస్ ఇవ్వాలా, తానే దూరాలా, తన్ని ముందుకి పంపాలా, లేదా ఇస్తున్నట్టు నటించి డమ్మీ కొట్టాలా. ఎదురుగా అవతలి స్క్రమ్ హాఫ్ మీదకి దూకడానికి రెడీగా ఉంటాడు, పక్కనుంచి లూజ్ ఫార్వర్డ్ (స్క్రమ్ చివర ఉండేవాడు) వస్తుంటాడు. టీమ్‌లో చిన్న ఒళ్ళున్నవాడు ఎక్కువ దెబ్బలు తినే ప్లేస్ అది. పార్కిన్ అక్కడ పదిహేడేళ్ళు ఒక క్లబ్‌కి ఆడాడంటే ఒంటి గట్టిదనం ఒకటే చాలదు, ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ముందే తెలిసే బుర్ర ఉండాలి. స్టాండాఫ్‌గా కూడా ఆడగలడు. అతన్ని కెప్టెన్‌గా చేయడానికి కారణం ఆ బుర్రే అని నా అభిప్రాయం.

షార్ల్‌స్టన్ ఎక్కడుంది?

వేక్‌ఫీల్డ్‌కి తూర్పున, కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న బొగ్గు గని ఊరు. అక్కడి గని 1993లో మూసేశారు. ఆ చుట్టుపక్కల ఒక మాట ఉంది, మంచి ఫార్వర్డ్ కావాలంటే గని నోట్లోకి ఈల వేస్తే చాలు ఒకడు పైకొస్తాడని. షార్ల్‌స్టన్ సైజు చూస్తే ఆశ్చర్యమేస్తుంది, పార్కిన్ ఆ ఊరివాడే, తర్వాతి తరంలో నీల్ ఫాక్స్, డాన్ ఫాక్స్ అన్నదమ్ములూ ఆ ఊరివాళ్ళే, నీల్ ఫాక్స్ అయితే ఈ ఆట చరిత్రలోనే అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టిన మనిషి.

మొదటి ప్రపంచ యుద్ధం వల్ల కెరీర్ పోలేదా?

కొంత పోయింది. 1913లో ట్రినిటీకి మొదలుపెట్టాడు, మరుసటి ఏడాదే యుద్ధం. 1915 నుంచి లీగ్, కప్పు పోటీలు ఆపేశారు, మళ్ళీ పూర్తిగా మొదలైంది 1919లో. అంటే ఇరవై ఏళ్ళ నుంచి ఇరవై నాలుగేళ్ళ దాకా, ఏ ప్లేయర్ అయినా ఎదిగే వయసు, అసలైన పోటీ లేకుండా గడిచిపోయింది. అందుకే అతను పేరు తెచ్చుకున్నదంతా 25 దాటాకే.

వేక్‌ఫీల్డ్‌తో ఎన్ని కప్పులు గెలిచాడు?

పెద్దది ఒకటీ లేదు. ఇది చాలామంది నమ్మరు. ట్రినిటీ ఛాలెంజ్ కప్ 1909లో గెలిచింది, మళ్ళీ 1946లో గెలిచింది, పార్కిన్ ఆ రెండింటికీ మధ్య పడ్డాడు. ఛాంపియన్‌షిప్ అయితే ఆ క్లబ్ మొదటిసారి గెలిచిందే 1967లో. అతని టైమ్‌లో వచ్చింది యార్క్‌షైర్ కప్, 1924-25 సీజన్‌లో, ఫైనల్‌లో బాట్లీ మీద 9-8 స్కోర్‌తో.

ఇప్పటి లెక్కలో అయితే ఇంత మంచి ప్లేయర్ పెద్ద క్లబ్‌కి వెళ్ళి మెడల్స్ తెచ్చుకోవాల్సింది కదా అంటారు. అప్పట్లో అది ప్లేయర్ చేతిలో లేదు, కింద ట్రాన్స్‌ఫర్ ప్రశ్న దగ్గర చెప్తాను. దానికి తోడు ఆ ఊళ్ళ పరిస్థితి కూడా చూడాలి, 1921లో ఒకసారి, 1926లో ఇంకోసారి గని యజమానులు కూలీలు తగ్గించబోతే కార్మికులు ఒప్పుకోలేదని గనులకి తాళాలేశారు, 1926లో అయితే నెలల తరబడి జీతాల్లేవు. గేట్ దగ్గర టికెట్ కొనే మనిషే లేకపోతే క్లబ్ పెద్ద ప్లేయర్లని ఎక్కడి నుంచి తెస్తుంది? అలాంటి క్లబ్‌లో ఉండి దేశానికి కెప్టెన్ అయ్యాడు, నాకు అది రెండు మూడు మెడల్స్ కంటే ఎక్కువ.

ఆస్ట్రేలియా టూర్లు ఎలా జరిగేవి?

ఓడలో. వెళ్ళడానికే ఆరు వారాలు పట్టేది, అక్కడ ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో రాష్ట్రాల టీమ్‌లతో, జిల్లా టీమ్‌లతో, టెస్టులతో కలిపి దాదాపు పాతిక మ్యాచ్‌లు, మళ్ళీ ఓడలో తిరుగు ప్రయాణం. వసంతంలో బయల్దేరితే ఇల్లు చేరేసరికి శరదృతువు. అన్ని నెలలు ఉద్యోగం వదిలి వెళ్ళాలి, ఇంట్లో పెళ్ళాం పిల్లల ఖర్చులకి టూర్ భత్యం, చివర్లో లాభం వస్తే అందులో వాటా. నాలుగేళ్ళకోసారి వచ్చే ఛాన్స్, అలా మూడు సార్లు వెళ్ళిన మొదటి ప్లేయర్ పార్కిన్.

1920 టూర్‌కి కెప్టెన్ హడర్స్‌ఫీల్డ్ క్లబ్‌కి సెంటర్‌గా ఆడే హరాల్డ్ వాగ్‌స్టాఫ్, ఆ రోజుల్లో అతన్ని మించిన పేరు లేదు. ఆ టూర్‌లో బ్రిస్బేన్‌లో 8-4, సిడ్నీలో 21-8తో ఓడిపోయి సిరీస్ పోగొట్టుకున్నారు, మూడోది మాత్రం 23-13తో గెలిచారు. 1924కి కెప్టెన్ పార్కిన్. సిడ్నీలో మొదటి టెస్ట్ 22-3, రెండోది 5-3, సిరీస్ చేతికొచ్చేసింది, బ్రిస్బేన్‌లో మూడోది 21-11తో ఆస్ట్రేలియాకి వెళ్ళింది. అక్కడి నుంచి న్యూజిలాండ్ వెళ్ళి సిరీస్ 2-1తో ఓడారు, ఇది దాచాల్సిన విషయం కాదు, అలసిపోయిన టీమ్ కావచ్చు కానీ న్యూజిలాండ్ వాళ్ళు బాగా ఆడే గెలిచారు.

1928లో మళ్ళీ కెప్టెన్, అప్పటికి 33 ఏళ్ళు. బ్రిస్బేన్‌లో 15-12, సిడ్నీలో 8-0, మళ్ళీ రెండు టెస్టులకే సిరీస్ అయిపోయింది, మూడోది 21-14తో పోయింది. ఈసారి న్యూజిలాండ్‌లో కూడా సిరీస్ 2-1తో గెలిచారు. సిడ్నీలోని సిటీ టాటర్సాల్స్ క్లబ్ వాళ్ళు యాషెస్ కోసం ఒక కప్పు ఇచ్చింది కూడా ఆ ఏడాదే, అంటే ఆ కప్పు మొదట దక్కింది పార్కిన్ టీమ్‌కే. (అవును, క్రికెట్‌లోలాగే ఇక్కడా ఆస్ట్రేలియాతో ఆడే సిరీస్‌ని యాషెస్ అనే అంటారు.)

ఇంకో విషయం. 1920లో గెలిచాక ఆస్ట్రేలియా మళ్ళీ యాషెస్ సిరీస్ గెలవడానికి 1950 దాకా ఆగాల్సొచ్చింది. ముప్పై ఏళ్ళు! ఈ రోజుల్లో ఆస్ట్రేలియా ఈ ఆటని ఎలా ఏలుతోందో చూసినవాళ్ళకి ఈ సంగతి వింతగా ఉంటుంది. ఆ ముప్పై ఏళ్ళలో వాళ్ళ గడ్డ మీద వరసగా రెండు సార్లు గెలిచి చూపించిన మొదటి కెప్టెన్ పార్కిన్.

1924 రెండో టెస్ట్ గురించి అంత చెప్తారెందుకు?

స్కోర్ చూడండి, 5-3. అప్పటి లెక్కలో ట్రైకి 3, గోల్‌కి 2 కదా, అంటే మొత్తం 80 నిమిషాల్లో రెండు టీమ్‌లూ చెరొక ట్రై మాత్రమే వేశాయి, ఆస్ట్రేలియా ట్రైకి గోల్ పడలేదు, బ్రిటన్ ట్రైకి పడింది. ఆ ట్రై వేసింది కెప్టెన్ పార్కిన్, ఆ గోల్ తన్నింది విగన్ క్లబ్ ఫుల్‌బ్యాక్ (అందరికంటే వెనక ఉండేవాడు) జిమ్ సలివన్, అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు. సిరీస్ మొత్తం ఆ ఒక్క కిక్ మీద నిలబడింది. టాకిల్ లిమిట్ లేని ఆటలో, సిడ్నీ గ్రౌండ్‌లో, ఒక్క ఖాళీ కోసం ఎదురుచూస్తూ అంతసేపు ఆడి అది దొరికినప్పుడు మిస్ కాకపోవడం, అది స్క్రమ్ హాఫ్ పని. ఇతని కెరీర్ ఒక్క స్కోర్‌లో చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

గ్రేట్ బ్రిటన్ అంటున్నారు, ఇంగ్లండ్ అంటున్నారు, ఏది కరెక్ట్?

టెస్టులు ఆడేది గ్రేట్ బ్రిటన్ టీమ్, అందులో ఇంగ్లండ్ వాళ్ళూ వేల్స్ వాళ్ళూ ఉంటారు (సలివన్ వేల్స్ మనిషి). ఆస్ట్రేలియా పేపర్లు మాత్రం ఇంగ్లండ్ అనే రాసేవి. పార్కిన్ గ్రేట్ బ్రిటన్ తరఫున 17 టెస్టులు ఆడాడు, ఇవి కాక ఇంగ్లండ్‌కీ, యార్క్‌షైర్ కౌంటీకీ కూడా ఆడాడు.

సొంత డబ్బుతో తనని తాను కొనుక్కున్నాడంటారు, నిజమేనా?

నిజమే. ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఇదే.

ముందు అప్పటి పద్ధతి చెప్పాలి. ప్లేయర్ ఒకసారి ఒక క్లబ్‌కి సంతకం పెట్టాడంటే అతని రిజిస్ట్రేషన్ ఆ క్లబ్ దగ్గరే ఉంటుంది, ఇన్నేళ్ళు అని గడువు లేదు. క్లబ్ వదిలితేనే వేరే చోటికి వెళ్ళాలి, వదలకపోతే ఆడడం మానేయాలి, అంతే. క్లబ్ వదలాలనుకుంటే ట్రాన్స్‌ఫర్ లిస్టులో పెట్టి ఒక రేటు చెప్తుంది, కావాల్సిన క్లబ్ ఆ డబ్బు కడుతుంది, ఆ డబ్బు వెళ్ళేది పాత క్లబ్‌కి, ప్లేయర్‌కి కాదు. 1913లో బిల్లీ బాటెన్ హన్స్‌లెట్ నుంచి హల్‌కి 600 పౌండ్లకి వెళ్ళాడు, 1921లో హరాల్డ్ బక్ హన్స్‌లెట్ నుంచి లీడ్స్‌కి వెళ్ళినప్పుడు రేటు వెయ్యి పౌండ్లకి చేరింది. పశువుల సంత అని ఎవరైనా అంటే కోపం వస్తుంది కానీ కాదని చెప్పడం కష్టం.

1930లో వేక్‌ఫీల్డ్ పార్కిన్‌ని 100 పౌండ్ల రేటుకి లిస్టులో పెట్టింది. పదిహేడేళ్ళు ఆడిన మనిషి, రెండు సార్లు ఆస్ట్రేలియాలో గెలిచొచ్చిన కెప్టెన్, వయసు 35. పార్కిన్ ఏం చేశాడంటే ఆ వంద పౌండ్లు తానే కట్టేశాడు. కట్టి, తన రిజిస్ట్రేషన్ విడిపించుకుని, హల్ కింగ్‌స్టన్ రోవర్స్‌లో చేరాడు.

ఆ వంద ఎంత అనేది కూడా చూడాలి. గనిలో దిగేవాడికి వారానికి రెండు పౌండ్ల చిల్లర వస్తే గొప్ప అనుకునే కాలం. అంటే దాదాపు ముప్పావు సంవత్సరం కూలీ. తాను ఎక్కడ ఆడాలో తానే చెప్పే హక్కు కోసం ఒక మనిషి అంత డబ్బు తీసి టేబుల్ మీద పెట్టాడు. పోయిన కూలీ ఇవ్వమంటే రగ్బీ యూనియన్ పెద్దలు కుదరదన్నారని విడిపోయిన ఆట ఇది, కార్మికుడికి న్యాయం చేస్తామని పుట్టిన ఆట, ముప్పై అయిదేళ్ళు తిరిగేసరికి అదే ఆటలో ప్లేయర్ తన స్వేచ్ఛని తానే కొనుక్కోవాల్సొచ్చింది. నాకు ఇది చదివినప్పుడల్లా బాధేస్తుంది, అదే సమయంలో అతని మీద గౌరవం పెరుగుతుంది.

దాని తర్వాత రూల్ మార్చారా?

మార్చారు. ఇకమీదట ఏ ప్లేయర్ కూడా తన ట్రాన్స్‌ఫర్ ఫీజు తాను కట్టుకోకూడదని లీగ్ రూల్ పెట్టింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు, ఒకడు కట్టగలిగితే రేపు ఇంకొకడు కడతాడు, మంచి ప్లేయర్లు నలుగురు చేతులు కలిపి ఫీజులు కట్టేసుకుని తమకి నచ్చిన క్లబ్‌తో బేరమాడితే క్లబ్బుల పట్టు పోతుంది. డబ్బు కట్టకుండా పారిపోయినవాడి మీద రూల్ పెట్టారంటే ఒక అర్థం ఉంది, అడిగిన డబ్బు అణా పైసలతో సహా కట్టినవాడిని చూసి రూల్ పెట్టడం మాత్రం అన్యాయమే, ఎన్నేళ్ళయినా నేను అన్యాయమనే అంటాను.

హల్‌లో ఎలా ఆడాడు?

అక్కడ రెండేళ్ళే. హల్ కేఆర్ (హల్ కింగ్‌స్టన్ రోవర్స్‌కి పొట్టి పేరు) అప్పట్లో క్రావెన్ పార్క్‌లో ఆడేది, 1923లో, 1925లో ఛాంపియన్లు, కానీ పార్కిన్ వెళ్ళేసరికి ఆ జోరు తగ్గింది. కప్పులేం రాలేదు, 1932లో ఆట ముగించాడు. ఆ ఏడాది ఆస్ట్రేలియా వెళ్ళిన టీమ్‌కి కెప్టెన్ ఎవరంటే 1924లో ఆ గోల్ తన్నిన జిమ్ సలివనే.

సలివన్, ఎల్లబీ లాంటివాళ్ళతో పోలిస్తే ఎక్కడ నిలబడతాడు?

అంకెలు చూస్తే వెనకే. ఆల్ఫ్ ఎల్లబీ సెయింట్ హెలెన్స్ వింగర్, కెరీర్ మొత్తంలో 446 ట్రైలు, అది వింగ్ మీద బాల్ అందుకుని పరిగెత్తేవాడి లెక్క. సలివన్ గోల్స్ వేలల్లో ఉంటాయి. స్క్రమ్ హాఫ్ పని బాల్‌ని వాళ్ళ దాకా పంపడం, దానికి ఏ పట్టికలోనూ గడి లేదు. అందుకే పోలిక అనవసరం అంటాను, కానీ బలవంతం చేస్తే, ఎవరి చేతికి కెప్టెన్సీ ఇస్తారని అడిగితే, పార్కిన్‌కే ఇస్తాను.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడా?

ఉన్నాడు, అదీ మొదటి విడతలోనే. 1988లో రగ్బీ లీగ్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైనప్పుడు తొమ్మిది మందిని తీసుకున్నారు: బిల్లీ బాటెన్, బ్రయన్ బెవన్, బిల్లీ బోస్టన్, అలెక్స్ మర్ఫీ, జాంటీ పార్కిన్, గస్ రిస్మన్, ఆల్బర్ట్ రోసెన్‌ఫెల్డ్, జిమ్ సలివన్, హరాల్డ్ వాగ్‌స్టాఫ్. బెవన్, రోసెన్‌ఫెల్డ్ ఆస్ట్రేలియా వాళ్ళు, బోస్టన్, రిస్మన్, సలివన్ వేల్స్ వాళ్ళు. మిగిలిన నలుగురే ఇంగ్లండ్ వాళ్ళు, వాళ్ళలో యుద్ధాల మధ్య కాలానికి పూర్తిగా చెందినవాడు పార్కిన్ ఒక్కడే అనొచ్చు, వాగ్‌స్టాఫ్, బాటెన్ మంచి రోజులు చాలావరకు 1914కి ముందే, మర్ఫీ చాలా తర్వాత.

యూకేలో ఉంటున్నాం, అక్కడికి వెళ్తే ఏం చూడొచ్చు?

లీడ్స్ వైపు ఉన్న మనవాళ్ళకి ఇది చాలా తేలిక, లీడ్స్ నుంచి వేక్‌ఫీల్డ్ వెస్ట్‌గేట్‌కి రైల్లో ఇరవై నిమిషాల లోపే. ట్రినిటీ ఇప్పటికీ పార్కిన్ ఆడిన బెల్ వ్యూ గ్రౌండ్‌లోనే ఆడుతుంది. ఊరికి దగ్గర్లోనే ఓవర్టన్‌లో నేషనల్ కోల్ మైనింగ్ మ్యూజియం ఉంది, పాత గని లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారు, మ్యాచ్‌కి ముందు అది చూసి వెళ్తే ఆ ప్లేయర్లు ఎలాంటి ఊళ్ళ నుంచి వచ్చారో బాగా తెలుస్తుంది. హల్‌లో పాత క్రావెన్ పార్క్ మాత్రం లేదు, క్లబ్ 1989లో కొత్త గ్రౌండ్‌కి మారింది, పాత చోట సూపర్‌మార్కెట్ వచ్చింది. సూపర్ లీగ్ (ఇప్పటి రగ్బీ లీగ్ ప్రధాన పోటీ) సీజన్ ఫిబ్రవరి నుంచి అక్టోబర్ దాకా ఉంటుంది, మొదటిసారి వెళ్తుంటే మే, జూన్ నెలల్లో వెళ్ళండి, చలి తక్కువ.